పాటకు చొక్కా కుట్టించాలి!

లండన్ వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా రాజుగారి మేడ చూశామంటారు, థేమ్స్ నది మీద వంతెన చూశామంటారు, మైనపు బొమ్మల పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో చూపిస్తారు. నేను వాటిలో సగం చూడలేదు. 2024 సెప్టెంబరులో లండన్‌లో పన్నెండు రోజులున్నాను. అందులో నాలుగు రోజులు నలుగురు కుర్రకారు వెంటపడి రికార్డు అట్టలు చూస్తూ తిరిగాను. అట్టలంటే ఉత్త అట్టలే కాదు, ఆ అట్టల మీది వీధులు, గోడలు, పొగగొట్టాలు కూడాను. అభిమాన హీరో పాట తీసిన గోదావరి గట్టు చూడ్డానికి మీరు బస్సెక్కి వెళ్తారే, అలాగన్నమాట!

ఈ నలుగురూ ఎవరంటారా? మా మేనల్లుడి బ్యాండు. బ్యాండంటే పెళ్ళి ఊరేగింపులో వాయించేది కాదండోయ్! మావాడు గిటారు వాయిస్తూ పాడతాడు. పుట్టింది రాజమండ్రి, ఉద్యోగం కంప్యూటర్లలో. బాస్ గిటారు పట్టుకునేది యార్క్‌షైర్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి. కీబోర్డు కుర్రాడు లండన్‌లోనే పుట్టిన తమిళుడు. డ్రమ్ములు వాయించేవాడిది బెంగుళూరు. మూడేళ్ళుగా శనివారం సాయంత్రాలు చిన్న చిన్న పబ్బుల్లో వాయిస్తూ, ఎనిమిది పాటలు తయారుచేసుకున్నారు. అయిదు ఇంగ్లీషు, రెండు తెలుగు, ఒకటి తమిళం. అన్నీ కలిపి ముప్ఫయ్యెనిమిది నిమిషాలు. రికార్డింగు కూడా అయిపోయింది.

మరి ఇంకేం మిగిలిందీ అంటే, చొక్కా! పాట తయారైంది కానీ దానికి తొడగాల్సిన చొక్కా తేలలేదు. ఎల్పీ రికార్డు వెయ్యాలా, సీడీ వెయ్యాలా, సీడీ అయితే ప్లాస్టిక్ డబ్బానా, అట్టనా? లేకపోతే అసలేదీ లేకుండా ఫోనుల్లోకి వదిలేసి ఊరుకోవాలా? చేతిలో ఉన్నది తొమ్మిది వందల పౌన్లు. వ్యవధి అంతకన్నా తక్కువ. డ్రమ్ముల కుర్రాడి వీసా అక్టోబరు నెలాఖరుతో సరి. అతను బెంగుళూరు వెళ్ళిపోతే బ్యాండు లేనట్టే. అక్టోబరు 19, శనివారం ఆఖరి ప్రదర్శన. ఆ రోజుకి బల్ల మీద పెట్టి అమ్మడానికి ఏదో ఒకటి ఉండాలి. వాళ్ళు నలుగురూ కలిసి ఉన్నారనడానికి రేపు సాక్ష్యం అదొక్కటే మరి!

"మామయ్యా, నువ్వు పాతకాలం వాడివి. రికార్డులూ క్యాసెట్లూ చేత్తో పట్టుకున్నవాడివి. మాతో రా," అన్నాడు మావాడు. పొగిడాడో తిట్టాడో తెలియలేదు. చెప్పులేసుకుని బయల్దేరాను.

కుక్కబొమ్మ కొట్టు

మొదటి మజిలీ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, 363వ నంబరు. హెచ్.ఎం.వి. వారి దుకాణం. మనం చిన్నప్పుడు 'కుక్కబొమ్మ రికార్డు' అనుకునేవాళ్ళమే, ఆ కుక్కగారి సొంత కొట్టు. 1921 జూలైలో ఎడ్వర్డ్ ఎల్గార్ అనే పెద్ద సంగీతకర్త దీన్ని ప్రారంభించాడు. 2019లో తలుపులు మూసేస్తే, ఇక రికార్డుల పని అయిపోయిందనుకున్నారంతా. 2023 నవంబరులో మళ్ళీ అక్కడే తెరిచారు!

లోపల అడుగుపెడితే అన్ని తరాలూ ఒకే కప్పు కింద కాపురం చేస్తున్నాయి. ఒక గోడ నిండా ఎల్పీలు, అడుగు పైచిలుకు పలకలు. మధ్య బల్లల మీద సీడీలు. ఒక మూల క్యాసెట్లు. చచ్చిపోయిందనుకున్న క్యాసెట్టు కొత్త పాటలతో నవ్వుతూ కూర్చుంది. దాని పక్కనే కొరియా కుర్రాళ్ళ ఆల్బమ్‌లు. అవి ఆల్బమ్‌లలా లేవు, స్వీట్ల పెట్టెల్లా ఉన్నాయి. లోపల ఫోటోల పుస్తకం, చిన్న చిన్న ఫోటో కార్డులు, ఎక్కడో ఒక మూల సీడీ. ఏ పెట్టెలో ఎవరి కార్డు ఉంటుందో ముందు తెలియదు. అందుకని తమ హీరో కార్డు దొరికేదాకా అభిమానులు ఒకే ఆల్బమ్ రెండు మూడు కొంటారట! మన దగ్గర ఒకే సినిమా పది ఆటలు చూసే అభిమానం లాంటిదే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అసలు 'ఆల్బమ్' అనే మాట ఎక్కడిదో తెలుసా? ఫోటోల ఆల్బమ్ నుంచి వచ్చింది. వెనకటి 78 వేగం రికార్డులో ఒక్కో వైపు మూడు నాలుగు నిమిషాల పాటే పట్టేది. పెద్ద కచేరీ వినాలంటే అయిదారు రికార్డులు కావాలి. వాటిని కాగితం సంచుల్లో పెట్టి, సంచులన్నిటినీ పుస్తకంలా కుట్టి, గట్టి అట్ట వేసేవారు. అచ్చం ఫోటోల ఆల్బమ్‌లా ఉండేది. దాని అట్ట చాలాకాలం ముద్ద రంగే, పైన పేరు మాత్రం. 1940లో అమెరికాలో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్ర చిత్రకారుడు, అట్ట మీద బొమ్మ వేస్తే ఏం పోయిందని అడిగి వేయించాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు కూడా లేవు. 1948లో అదే కంపెనీ ఎల్పీని తెచ్చింది. పుస్తకం పోయి ఒకే పెద్ద రికార్డు మిగిలింది. పేరు మాత్రం ఆల్బమ్‌గానే ఉండిపోయింది. ఇవాళ ఫోనులో కంటికి కనపడని పాటల గుంపుని కూడా ఆల్బమ్ అనే అంటున్నాం. చొక్కా చిరిగిపోయినా దర్జీ పేరు నిలిచిందన్నమాట!

సీడీ వాళ్ళు పడే తిప్పలు కూడా అక్కడే చూశాను. డిస్కు కొలత ఎక్కడైనా పన్నెండు సెంటీమీటర్లే. దాని బట్టల్లోనే తేడాలన్నీ. 'జ్యువెల్ కేస్' అంటే మనందరికీ తెలిసిన గట్టి ప్లాస్టిక్ డబ్బా. మూత, అడుగు, మధ్యలో పళ్ళున్న పళ్ళెం. 'డిజిప్యాక్' అంటే అట్ట చొక్కా, లోపల ప్లాస్టిక్ పళ్ళెం అతికించి ఉంటుంది. మూడోది ఉత్త అట్ట సంచి, పాత రికార్డు తొడుగుకి పిల్ల అనుకోండి.

"మూడోది చవక," అన్నాడు కీబోర్డు కుర్రాడు.

"చవకలాగే ఉంది," అంది యార్క్‌షైర్ అమ్మాయి. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ. మాట్లాడితే గుచ్చుకుంటుంది.

పాత సరుకు చెప్పే నిజం

ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ దాటి దక్షిణానికి నడిస్తే సోహో. అందులో బెర్విక్ స్ట్రీట్. ఈ వీధిలోనే ఒయాసిస్ బ్యాండు 1995 నాటి ఆల్బమ్ అట్ట మీది ఫోటో తీశారు. తెల్లవారుజామున ఖాళీ వీధిలో ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నడిచి వస్తుంటారు, అంతే! ఆ చోట నిలబడి మావాళ్ళూ ఫోటోలు దిగారు. వెనకాల కూరగాయల బండి పడిందని ఒకటికి నాలుగుసార్లు తీశారు.

నాకు మాత్రం ఫోటోకన్నా ఆ వీధిలోని పాత రికార్డుల కొట్టే ఎక్కువ పాఠం చెప్పింది. కొత్త కొట్టులో అన్నీ పెళ్ళికూతుళ్ళే. కాపురం ఎలా చేసిందో తెలియాలంటే పాత సరుకు చూడాలి. అక్కడ ఒక గంట వేళ్ళతో తిరగేశాం.

జ్యువెల్ కేసుల మూతలు చాలావాటికి పగుళ్ళు. మధ్య పళ్ళు విరిగి, డబ్బా ఊపితే గలగలమంటోంది. కానీ కొట్టువాళ్ళకు దాని గురించి దిగులు లేదు. కొత్త డబ్బా తెచ్చి లోపలి కాగితాలు మార్చేస్తారు, మళ్ళీ కొత్తదే. డిజిప్యాక్ అలా కాదు. అంచులు తెల్లబడతాయి, మూలలు నలుగుతాయి, లోపలి పళ్ళు విరిగితే మార్చడానికి లేదు, అతికించి ఉంది కదా! ఎల్పీ తొడుగుల మీద లోపలి రికార్డు అంచు గుండ్రంగా ముద్ర పడిపోయింది, గ్లాసు పెట్టిన చోట బల్ల మీద మరకలా.

మరి అట్ట సంచుల సంగతో? అవి ఉన్నాయని తెలుసుకోవడానికే పావుగంట పట్టింది. వరసలో నిలబెడితే జ్యువెల్ కేసుకీ డిజిప్యాక్‌కీ వీపు ఉంటుంది. వీపు మీద పేరు చదువుకోవచ్చు. సంచికి వీపు లేదు. రెండు లావుపాటి డబ్బాల మధ్య పడితే బక్కవాడు బస్సులో నలిగినట్టే, ఎవడికీ కనపడడు.

"మనల్ని ఎవరూ వెతుక్కుంటూ రారు. కాబట్టి కనపడాలి," అన్నాడు డ్రమ్ముల కుర్రాడు. ఆ మాట నాకు నచ్చింది.

పేరు లేని అట్ట

రెండో రోజు ఆబీ రోడ్. ఇక్కడ ఒక హెచ్చరిక. లండన్ తూర్పున 'ఆబీ రోడ్' అనే పేరుతో ఒక రైలు స్టేషనుంది. పేరు చూసి అక్కడ దిగి బిక్కమొహం వేసేవాళ్ళు చాలామంది. మీరెప్పుడైనా వెళ్తే సెయింట్ జాన్స్ వుడ్ స్టేషన్‌లో దిగండి. అక్కడినుంచి నాలుగడుగులు.

బీటిల్స్ నలుగురూ ఒకరి వెనక ఒకరు రోడ్డు దాటే ఫోటో మీరు చూడకుండా ఉండరు. 1969 ఆగస్టు 8న ఇయాన్ మాక్‌మిలన్ అనే ఫోటోగ్రాఫర్ నడిరోడ్డు మీద నిచ్చెన వేసుకుని ఎక్కాడు. పోలీసాయన ట్రాఫిక్ ఆపాడు. మొత్తం తీసింది ఆరే ఫోటోలు. అయిదోది అట్ట ఎక్కింది. మేకప్పు లేదు, సెట్టింగు లేదు. స్టూడియో గేటు దాటి బయటికొచ్చి, రోడ్డు దాటి, పని ముగించేశారు. 2010లో ఆ తెల్లచారల దారిని ప్రభుత్వం రక్షిత కట్టడాల జాబితాలో చేర్చింది. చారలకే ఆ భాగ్యం!

మేం వెళ్ళేసరికి ఒక పాతికమంది నలుగురేసి జట్లుగా దాటుతున్నారు. కార్లవాళ్ళు పళ్ళు కొరుకుతూ ఆగుతున్నారు. స్టూడియో ముందు గోడంతా అభిమానుల రాతలు. నిండిపోయినప్పుడల్లా సున్నం కొట్టినట్టు తెల్లరంగు వేస్తారు, మళ్ళీ రాస్తారు. మనవాళ్ళు కోటల మీద రాసే రాతలకీ వీటికీ తేడా ఏమిటంటే, ఇక్కడ గోడవాళ్ళకే అభ్యంతరం లేదు.

ఇంతకీ గమనించవలసింది ఇది. ఆ అట్ట ముందువైపు బ్యాండు పేరూ లేదు, ఆల్బమ్ పేరూ లేదు. ఎందుకు? ఆ నలుగురి మొహాలే పేరు. అంతకు ముందు ఏడాది, 1968లో, అదే బీటిల్స్ తెల్ల అట్ట వేశారు. రిచర్డ్ హామిల్టన్ అనే చిత్రకారుడి ఆలోచన. బొమ్మే లేదు, పేరు కూడా ఉబ్బెత్తుగా అద్దారు తప్ప రంగు లేదు. లాటరీ టిక్కెట్టులా ప్రతి కాపీకీ ఒక నంబరు. అంతకు ముందేడు, 1967లో, 'సార్జంట్ పెప్పర్' అట్ట మీద బొమ్మలకొలువులా మనుషుల గుంపు, వెనకవైపు పాటల సాహిత్యమంతా అచ్చు.

మూడేళ్ళలో మూడు చొక్కాలు. ఒకటి జరీ పంచె, ఒకటి ఖద్దరు, ఒకటి రోజూ వేసుకునే బట్ట. మా మేనల్లుడి మనసు మాత్రం మూడోదాని మీద పడింది. "పేరు లేకుండా ఒక్క ఫోటో, ఎల్పీ సైజులో... ఎలా ఉంటుంది మామయ్యా?"

"ఒరేయ్, ఎన్టీ రామారావు పోస్టరు మీద పేరు లేకపోయినా జనం వస్తారు. మొదటి సినిమా హీరో పేరు లేకుండా పోస్టరు వేస్తే ఏ సబ్బు ప్రకటనో అనుకుంటారు," అన్నాను. మిగతా ముగ్గురికి ఇంగ్లీషులో చెప్పేసరికి సగం రుచి పోయింది కానీ నవ్వారు.

ఎగిరిపోయిన పంది

మూడో రోజు బాటర్‌సీ. థేమ్స్ ఒడ్డున నాలుగు తెల్ల పొగగొట్టాల పాత విద్యుత్ కేంద్రం. 1983లో కరెంటు తయారీ ఆగిపోయి, ఏళ్ళ తరబడి పాడుబడింది. 2022 అక్టోబరులో దుకాణాలతో, ఇళ్ళతో, ఆఫీసులతో కొత్త ముస్తాబు చేసుకుని తెరుచుకుంది. ఒక పొగగొట్టంలో లిఫ్టు ఎక్కి పైనుంచి ఊరు చూడొచ్చు. టిక్కెట్టు ధర విని మేం కిందనుంచే చూశాం.

పింక్ ఫ్లాయిడ్ బ్యాండు 'యానిమల్స్' ఆల్బమ్ అట్ట ఇదే. పొగగొట్టాల మధ్య ఎగురుతున్న పంది! 1976 డిసెంబరులో నలభై అడుగుల గాలి పందిని నిజంగానే ఎగరేశారు. తాడు తెగితే కాల్చి దింపడానికి మొదటి రోజు తుపాకీ మనిషిని కూడా పెట్టారు. అతను రాని రోజునే తాడు తెగింది! పంది విమానాల దారిలోకి పోయి, హీత్రూలో గగ్గోలు పుట్టించి, చివరికి కెంట్ జిల్లాలో ఒక పొలంలో దిగింది. సినిమా కామెడీకి తక్కువేముంది చెప్పండి?

తమాషా ఏమిటంటే, 1977లో అట్ట మీద అచ్చయిన బొమ్మ అతుకు బొమ్మ. ఆకాశం బాగున్న రోజు ఫోటోలో వేరే రోజు పందిని కత్తిరించి అతికించారు. ఇంత హంగామా చేసి ఆఖరికి కత్తెరా జిగురూ!

అక్కడ నది గట్టు బెంచీ మీద కూర్చుని ఇంకో రెండు కథలు చెప్పుకున్నాం. రోలింగ్ స్టోన్స్ 1971లో 'స్టికీ ఫింగర్స్' అట్టకి నిజమైన జిప్పు కుట్టించారు, జీన్సు ప్యాంటు బొమ్మ మీద. ఆలోచన ఆండీ వార్హాల్‌ది. దొంతరగా పేర్చి రవాణా చేస్తే జిప్పు లోహం రికార్డుల్ని నొక్కి పాడుచేసింది. చివరికి జిప్పు సగందాకా కిందికి లాగి పంపారు, నొక్కుడు పడితే పాట మీద కాకుండా మధ్య కాగితం మీద పడుతుందని. మాంచెస్టర్‌లో న్యూ ఆర్డర్ బ్యాండు 1983లో 'బ్లూ మండే'కి కంప్యూటర్ ఫ్లాపీలా రంధ్రాలు కోసిన అట్ట చేయించింది. అందం అద్భుతం. కానీ ఆ కోతల ఖర్చు వల్ల మొదట్లో అమ్మిన ప్రతి కాపీ మీదా నష్టమేనని ఈనాటికీ చెప్పుకుంటారు. ఎంత ఎక్కువ అమ్ముడైతే అంత మునక! పన్నెండంగుళాల సింగిల్స్‌లో అంతగా అమ్ముడైనది ఇంకోటి లేదు మరి.

యార్క్‌షైర్ అమ్మాయి నదిలోకి చూస్తూ అంది: "వాళ్ళకి నష్టం కథ అయింది. మనకి నష్టం అద్దె అవుతుంది."

రికార్డులు పుట్టిన ఊరు

నాలుగో రోజు ఎలిజబెత్ లైన్ రైలెక్కి పడమటి దిక్కుకు హేస్ వెళ్ళాం. మనవాళ్ళు చాలామంది ఉండే సౌతాల్ దాటగానే వచ్చే స్టేషను. అక్కడి బ్లైత్ రోడ్‌లో గ్రామఫోన్ కంపెనీ కర్మాగారం ఉండేది. 1907లో నెల్లీ మెల్బా అనే మహా గాయని శంకుస్థాపన చేసింది. బీటిల్స్ రికార్డులు కోట్లాదిమంది ఇళ్ళకి చేరింది ఇక్కడి మిషన్ల మీదనుంచే. మన ఇళ్ళల్లో మోగిన ఘంటసాల, సుశీల రికార్డులు కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో తయారయ్యేవి. ఆ డమ్‌డమ్ ఫ్యాక్టరీ ఈ కంపెనీ బిడ్డే.

ఇప్పుడక్కడ రికార్డుల చప్పుడు లేదు. తెల్లటి పెద్ద పెద్ద కాంక్రీటు భవనాలు, వాటి పక్కన కొత్త ఇళ్ళు. ఆ పేటకి 'ఓల్డ్ వినైల్ ఫ్యాక్టరీ' అని పేరు పెట్టారు.

రికార్డు ఎలా పుడుతుందో మావాడు అక్కడ నిలబడి చేతులు తిప్పుతూ చెప్పాడు. వేడెక్కి మెత్తబడ్డ ప్లాస్టిక్ ముద్దని, పూరీ పిండి ఉండలాంటిదాన్ని, రెండు లోహపు అచ్చుల మధ్య పెట్టి నొక్కుతారు. అర నిమిషంలో పాట ముద్ర పడుతుంది. అంచులు కోసేస్తే రికార్డు. ఒక్కో వైపు ఇరవై, ఇరవై రెండు నిమిషాలు దాటకుండా ఉంటే ధ్వని నిండుగా ఉంటుంది. అంతకు మించితే గాళ్ళు ఇరుకై శబ్దం పలచబడుతుంది. "మన ముప్ఫయ్యెనిమిది నిమిషాలకి చెరో వైపు పంతొమ్మిది. కొలిచి కుట్టినట్టు ఉంది మామయ్యా!" అన్నాడు. వాడి కళ్ళు చూస్తే జాలేసింది. ఎల్పీ మీద వాడికి ప్రేమే.

కానీ ఆ మధ్యాహ్నమే రికార్డులు నొక్కే ఒక కంపెనీనుంచి జవాబొచ్చింది. వంద ఎల్పీలకి వాళ్ళడిగింది వీళ్ళ తొమ్మిది వందలు దాటిపోయింది. అది ఎలాగో అప్పుచేసి సర్దుకోవచ్చు. అసలు దెబ్బ వేరు. సరుకు చేతికొచ్చేది మూడు నెలలకి. అంటే క్రిస్‌మస్‌కి. అప్పటికి డ్రమ్ముల కుర్రాడు బెంగుళూరులో ఉంటాడు!

మావాడు రైల్లో ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

వంటింటి పంచాయితీ

ఆ రాత్రి మావాడి వంటింట్లో నలుగురూ కూర్చున్నారు. నేను పప్పుచారు కాస్తూ విన్నాను. మొదట కీబోర్డు కుర్రాడు, "ఫోనుల్లోకి వదిలేద్దాం, పైసా ఖర్చుండదు," అన్నాడు. డ్రమ్ముల కుర్రాడు కాసేపు ఊరుకుని, "అయితే నేను మా అమ్మకి ఏం చూపించాలి? లింకా?" అన్నాడు. ఇంకెవరూ ఆ దారి ఎత్తలేదు.

తర్వాత యార్క్‌షైర్ అమ్మాయి ఒక కాగితం తీసింది. వెనకటి శనివారం ప్రదర్శన అయ్యాక జనాన్ని అడిగిందట, ఇంట్లో సీడీ ప్లేయర్ ఎవరికుందని. సగానికి పైగా చేతులు లేవలేదు. రికార్డు ప్లేయర్ ఎవరికుందంటే లేచినవి ఇంకా తక్కువ. మరి ఏదైనా అమ్మితే కొంటారా అంటే మాత్రం చాలా చేతులు లేచాయి. "అంటే ఏమిటి? వినడానికి కాదు కొనేది. వినడం ఫోనులో వింటారు. ఇంటికి పట్టుకెళ్ళడానికి ఏదో కావాలి."

అప్పుడు నేను గరిటె పక్కనపెట్టి మన పాటల పుస్తకాల సంగతి చెప్పాను. ఈ తరం మీకు తెలియకపోవచ్చు. మీ అమ్మమ్మల్ని అడగండి. సినిమా హాలు దగ్గర పలచటి కాగితం మీద అచ్చేసిన చిన్న పుస్తకం అమ్మేవారు. ముందు నటీనటుల పేర్లు, తర్వాత కథ సగం దాకా చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఊరించేవారు. ఆ తర్వాత పాటలన్నీ. ఇంట్లో గ్రామఫోను లేనివాళ్ళకి, రేడియో కూడా లేనివాళ్ళకి, అదే ఆల్బమ్. మా అమ్మ అవి దారంతో కుట్టి ట్రంకుపెట్టెలో దాచేది. పాట చేతిలో ఉండటానికి డిస్కే ఉండక్కర్లేదని ఆ పుస్తకాలు ఎప్పుడో తేల్చేశాయి. 'సార్జంట్ పెప్పర్' వెనక పాటలు అచ్చువేశారని లోకం ఇప్పటికీ చెప్పుకుంటుంది. మన టూరింగు టాకీసుల ముందు అంతకు ఎన్నో ఏళ్ళ ముందే ఆ పని బేడా అర్ధణాలకి జరిగిపోయింది!

చెప్పి మళ్ళీ పప్పుచారు దగ్గరకి వెళ్ళాను. వెనకాల నిశ్శబ్దం. తర్వాత ఒకేసారి నలుగురూ మాట్లాడటం మొదలెట్టారు.

గంటలో తేలింది. నోటుపుస్తకంలో సగం కొలతలో ఇరవైనాలుగు పేజీల పాటల పుస్తకం. ఎనిమిది పాటలూ మూడు లిపుల్లో. తెలుగు పాటకి ఎదురుగా ఇంగ్లీషు అర్థం, తమిళానికీ అంతే. మధ్యలో మూడేళ్ళ ఫోటోలు. వెనక అట్ట లోపల ఒక జేబు, జేబులో సీడీ. సీడీ ఎందుకంటే, రాజమండ్రిలో మా బావగారి పాత కారులో సీడీ ప్లేయరుంది, ఆయనకి ఫోనులో పాట పెట్టుకోవడం రాదు. ప్లేయరు లేనివాళ్ళకి ఆఖరి పేజీలో ఫోనుతో గీసుకునే గుర్తు. ముందు అట్ట మీద బ్యాండు పేరు, పెద్దక్షరాల్లో!

యార్క్‌షైర్ అమ్మాయి ఇంకో లెక్క కూడా వేసింది. బ్రిటిష్ పోస్టాఫీసులో అయిదు మిల్లీమీటర్ల లోపు మందం, వంద గ్రాముల లోపు బరువు ఉంటే మామూలు ఉత్తరం. జ్యువెల్ కేసు మందమే పది మిల్లీమీటర్లు, పెద్ద ఉత్తరం కింద లెక్క. ఎల్పీ అయితే ఆ కొలతల్లో కూడా పట్టదు, పార్సిలే. పుస్తకం మాత్రం ఉత్తరం రేటుకే వెళ్తుంది. వంటింటి తక్కెడలో తూచి మరీ చూసింది.

అన్నీ కలిసొచ్చాయా అంటే, లేదు. పిన్ను కొట్టిన పలచటి పుస్తకానికి వీపు ఉండదు. బెర్విక్ స్ట్రీట్ అల్మారాలో పెడితే అది కూడా బక్కవాడిలాగే మాయమైపోతుంది. ఆ సంగతి డ్రమ్ముల కుర్రాడే గుర్తుచేశాడు. కానీ వీళ్ళ సరుకు అమ్మేది అల్మారాలో కాదు, పాట అయిపోయిన వెంటనే పబ్బు బల్ల మీద, వెల్లకిలా పడుకోబెట్టి. అక్కడ వీపుతో పనిలేదు, మొహం చాలు.

మావాడు మాత్రం చివరిదాకా ఎల్పీ అనే అన్నాడు. ముగ్గురు ఒకవైపు, వాడొక్కడు ఒకవైపు. ఆఖరికి డ్రమ్ముల కుర్రాడు, "ఎల్పీ వచ్చేసరికి నేనుండను. పుస్తకం వచ్చేసరికి ఉంటాను," అన్నాడు. మావాడు లేచి వెళ్ళి నలుగురికీ కంచాలు తెచ్చి పెట్టాడు. అదే ఒప్పుకోవడం.

మీ కాలేజీలో మీకూ ఒక బ్యాండుందా? పాటలు రికార్డు చేసుకున్నారా? అయితే చొక్కా ఎంచేముందు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. దీన్ని ఎవరు పట్టుకుంటారు? ఎక్కడ చూసి కొంటారు, అల్మారాలోనా, బల్ల మీదా, పోస్టులోనా? పదేళ్ళ తర్వాత ఏది విరుగుతుంది, ఏది మిగులుతుంది? సరుకు చేతికొచ్చే రోజుకి మీరంతా కలిసి ఉంటారా? డబ్బు సంగతి అయిదోది. అది ఎలాగూ అడక్కుండానే వస్తుంది.

అక్టోబరు 19కి నేను విజయవాడలో ఉన్నాను. ఫోనులో చెప్పారు. రెండు వందల కాపీలు వేశారట. ఆ రాత్రి పబ్బులో బల్ల చుట్టూ బాగానే మూగారట. రాజమండ్రికి ఒకటి, నాకు ఒకటి ఉత్తరంలో వచ్చాయి. మా బావగారి కారులో ఇప్పుడు తెలుగు పాటలు రెండే మోగుతాయి, మిగతా ఆరూ ఆయన దాటేస్తాడు. మిగిలిన వాటిలో అరవై కాపీలు డ్రమ్ముల కుర్రాడు పెట్టెలో సర్దుకుని బెంగుళూరు తీసుకెళ్ళాడు. డ్రమ్ములు పెట్టెలో పట్టలేదు. అవి మావాడి గదిలో ఉన్నాయి.